సీమ నాటకం, నూరేళ్ల నడక – 17: రీలు మీద నిలిచిన పద్యం

గత వారం సురభి దగ్గర ఆగాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి వేడుకకు తోలుబొమ్మలాట ఆడే కుటుంబం తెర వెనక నుంచి తెర ముందుకు వచ్చి 'కీచక వధ' ఆడడం, ఆ ఊరి పేరే ఆ నాటక వంశానికి పేరైపోవడం చూశాం. ఈ వారం నటుల్ని వేదిక మీదే ఉండనిచ్చి, వేదిక ముందు చాప మీద కూర్చున్న ఒక మనిషి దగ్గరికి పోదాం. ఆయన ఒళ్లో టేప్ రికార్డరు ఉంది. రెండు వేళ్లు మీటల మీద సిద్ధంగా ఉన్నాయి. కృష్ణుడు గొంతు సవరించుకోగానే ఆ మీటలు కిందికి దిగుతాయి.

ఆయన రైతు కావచ్చు, బడిపంతులు కావచ్చు, ఆర్టీసీ కండక్టరు కావచ్చు, మగ్గం నేసే మనిషి కావచ్చు. పద్యం అంటే చెవి కోసుకుంటాడు. ఫలానా ఊళ్లో నాటకం అని తెలిస్తే సైకిలెక్కో, లారీ పట్టుకునో పోతాడు. తెల్లవారి ఇంటికొచ్చాక క్యాసెట్టు అట్ట మీద ఊరి పేరు, నటుడి పేరు, సీను పేరు రాసి బీరువాలో పెట్టుకుంటాడు. నాటక చరిత్ర పుస్తకాల్లో కవులున్నారు, నటులున్నారు, సమాజాలున్నాయి, పోషకులున్నారు. ఈ మనిషి లేడు. కర్నూలు, కడప జిల్లాల పద్యనాటకాన్ని మనకు వినిపించేలా మిగిల్చింది ఇతనేనని నా గట్టి నమ్మకం. ఈ భాగం అతని కోసం.

రంగస్థలం మీద పద్యం అచ్చులో ఉన్నట్టు ఉండదు. అచ్చులో నాలుగు పాదాలే. మామూలుగా చదివితే అర నిమిషం పట్టదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో పడక సీను తీసుకోండి. అందులో కృష్ణుడు మొదటి పద్యం అందుకునే ముందే రాగం మొదలవుతుంది. హార్మోనిస్టు అందించిన స్వరం మీద నిలబడి, ఒక పాదాన్ని రెండు మూడు రకాలుగా విరిచి, చివరి పాదంలో పై స్థాయికి పోయి అక్కడ ఊపిరి బిగబట్టి, జనం ఈలలు, చప్పట్లు తగ్గాక నెమ్మదిగా కిందికి దిగుతాడు. 'వన్స్ మోర్' అన్నారంటే మళ్లీ మొదటికి. రెండోసారి ఇంకో రాగంలో ఎత్తుకునేవాళ్లూ ఉన్నారు. అర నిమిషం పద్యం పది నిమిషాలకు పెరుగుతుంది. మొన్న ఆదోనిలో పాడినట్టు ఇవాళ నంద్యాలలో పాడడు. చలి, జనం, గొంతులో ఓపిక, హార్మోనియం మీద వేళ్లు, మధ్యలో వచ్చి పడే చదివింపులు, అన్నీ కలిసి ఆ రాత్రి పద్యాన్ని తయారుచేస్తాయి. తెల్లారితే ఆ పద్యం ఉండదు. పుస్తకం మాత్రం ఉంటుంది.

ఈ పద్ధతికి పునాది మన దత్తమండలాల్లోనే పడింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో సరసవినోదిని సభ నడిపి, 1887లో 'చిత్రనళీయం' ఆడించి, రంగస్థలం మీద పాటకూ పద్యానికీ రాగాలు కట్టి పెద్దపీట వేశారు. ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడని పిలుచుకోవడం అందుకే. ఎదురుమాట కూడా అదే బళ్ళారి నుంచి, అదే ఇంటి నుంచి వచ్చింది. ఆయన మేనల్లుడు, 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ, రాగం సాగదీస్తే పాత్ర చచ్చిపోతుందని నమ్మిన నటుడు. చదువుకున్న విమర్శకుల్లో చాలామంది మేనల్లుడి పక్షం. పల్లె జనం మేనమామ పక్షం. 1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశాడు. పల్లెల్లో రాగం మాత్రం తగ్గలేదు. ఇద్దరిలో ఎవరి వాదం సరైనదో తేల్చడం నా పని కాదు. జనం ఎటు మొగ్గారన్నదే చరిత్రకారుడికి కావలసింది, ఆ సాక్ష్యం రీళ్ల మీద గంటల కొద్దీ ఉంది.

రీలు రాకముందు ప్లేటు ఉంది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేయడంతో మన దేశంలో గ్రామఫోను యుగం మొదలైంది. తర్వాత తెలుగు నాటక పద్యాలూ ప్లేట్లుగా వచ్చాయి. ఆ మీదట నాటకాలే సెట్లుగా వచ్చాయి. స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య లాంటి మహానుభావుల గొంతులు మనకు తెలుస్తున్నాయంటే ఆ ప్లేట్ల పుణ్యమే. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు జీవితమంతా వేల ప్లేట్లు పోగుచేసి, వాటి గురించి రాసి, మాట్లాడి, ఆ తరాన్ని నిలబెట్టారు. అయితే నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, ఆ పైన కొన్ని సెకండ్లు. స్టూడియోలో నటుడు రాగం కుదించుకోవాలి. పాదం విరవడానికి వీల్లేదు. జనం లేరు, వన్స్ మోర్ లేదు. ఆ ప్లేటులో గొంతు ఉంది, ఆ రాత్రి లేదు.

తర్వాత రేడియో. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ 1948లో, మన కడప ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చాయి. కడప కేంద్రం సీమ గొంతును సీమకు వినిపించింది. నాటకాలూ, జానపదాలూ, కవుల పఠనాలూ ఇంటింటికీ తెచ్చింది. కానీ స్పూలు టేపు ఖరీదైన వస్తువు. ప్రసారం అయ్యాక దాన్ని చెరిపి మళ్లీ వాడుకోవడం దేశంలో రేడియో కేంద్రాలన్నిటా మామూలు. ఆ పద్ధతిలో ఎన్ని గొంతులు చెరిగిపోయాయో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

పద్యనాటకం పక్కనే నడిచిన మరో రెండు విద్యల మాట ఇక్కడే చెప్పాలి. పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరులో ఉండగా రాసిన 'శివతాండవం' పుస్తకంగా గొప్పదే. ఆయన నోట విన్నవాళ్లకు మాత్రం పుస్తకం చాలదు. ఆ గొంతులో లయ ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ వేగం అందుకుంటుందో అచ్చులో కనపడదు. 1990లో ఆయన పోయాక కూడా ఆ పఠనం మనకు వినపడుతోందంటే ఎవరో ఒకరు ఒక మీట నొక్కారు కాబట్టే. రెండోది అవధానం. ప్రొద్దుటూరు శతావధాని సి.వి. సుబ్బన్న గారి లాంటి వారి సభల్లో చెప్పిన పద్యాలు తర్వాత పుస్తకాలకెక్కుతాయి. నిషిద్ధాక్షరి దగ్గర పృచ్ఛకుడు అక్షరం అడ్డు పెట్టగానే అవధాని ఎంతసేపు ఆగాడు, అప్రస్తుత ప్రసంగీకుడు ఏమన్నాడు, సభ ఎప్పుడు నవ్వింది, ధారణలో ఎక్కడ క్షణం తడబడ్డాడు, ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. అవధానం అంటే అవే.

కువైటు పెట్టెలో వచ్చిన చెవి

కడపలో రేడియో కేంద్రం మొదలైన 1963లోనే ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్ ప్రదర్శనలో చిన్న క్యాసెట్టును లోకానికి చూపించింది. అది మన పల్లెకు చేరడానికి పదిహేనేళ్లు పైనే పట్టింది. చేర్చింది ఎక్కువగా కువైటు. రాయచోటి, రాజంపేట, బద్వేలు పక్క ఊళ్ల నుంచి కూలికీ, ఇంటి పనికీ, డ్రైవర్లుగానూ కువైటు పోయిన ఆడవాళ్లూ మగవాళ్లూ సెలవుకు వచ్చినప్పుడు తెచ్చే పెట్టెలో బంగారం, సెంటు సీసాలతో పాటు టూ-ఇన్-వన్ ఒకటి ఉండేది. రేడియో, టేపు రెండూ ఒకే డబ్బాలో. కరువు సీమలో బోరు ఎండిపోయి అప్పు మిగిలిన ఇంట్లోకి ఎడారి దేశపు కష్టంతో కొన్న ఆ డబ్బా వచ్చింది. దాని కోసం ఇల్లు విడిచి పోయిన మనుషుల కథ ఈ ధారావాహికలో ఇంకో చోట పూర్తిగా చెప్పుకోవలసిందే. ఇక్కడ కావలసింది ఒకటే. సీమ రసికుడి చేతికి మొదటిసారి ఒక చెవి దొరికింది. కంపెనీ స్టూడియో అక్కర్లేదు, ఆకాశవాణి అనుమతి అక్కర్లేదు. నాటకం తన ఊళ్లో జరిగితే చాలు.

రికార్డు చేయడానికి రెండు దారులు. ఒకటి, టూ-ఇన్-వన్‌ని వేదిక అంచున గానీ, మైకు గొట్టం ఎదురుగా గానీ పెట్టి దాని సొంత మైకుతోనే పట్టడం. రెండోది, మైకుసెట్టు అతన్ని మంచి చేసుకుని యాంప్లిఫయరు వెనక నుంచి వైరు లాక్కోవడం. వైరు పెట్టి తీసిన క్యాసెట్లో గొంతు, హార్మోనియం స్పష్టంగా ఉంటాయి. జనం ఎక్కడో దూరంగా ఉంటారు. చాప మీద కూర్చుని తీసినదాంట్లో గొంతు కాస్త మసకగా ఉంటుంది కానీ ఊరంతా ఉంటుంది. పద్యం నేర్చుకునేవాడికి వైరు క్యాసెట్టు మేలు. చరిత్ర రాసేవాడికి చాప క్యాసెట్టు మేలు. రెండూ దొరికితే నేను చాప క్యాసెట్టే ముందు వింటాను.

అలాంటిది ఒకటి పెట్టుకుని శ్రద్ధగా వినండి. ముందు గరగర. దాని వెనక ఎక్కడో జనరేటరు మోత. దగ్గర్లో ఒక పసిబిడ్డ ఏడుపు, దాన్ని ఊరుకోబెట్టే తల్లి గొంతు. 'కూసోండయ్యా, కూసోండి' అని ఎవరిదో గద్దింపు. మైకు కూత. హార్మోనియం రెండు మెట్లు నొక్కి చూసుకుంటుంది. అప్పుడు రాగం. రాగం సాగుతుండగా మైకులో ఇంకో గొంతు అడ్డం పడి, ఫలానా ఊరి ఫలానా వారు పదకొండు రూపాయల చదివింపులు ఇచ్చారని చెబుతుంది. నటుడు ఆ మాటలు పూర్తయ్యేదాకా అదే స్వరం మీద నిలబడి ఉంటాడు. ఆ నిలబడడంలో అతని సాధన మొత్తం తెలుస్తుంది. కంపెనీ ప్లేటు ఎన్నిసార్లు తిప్పినా మీకు ఇది వినపడదు.

యంత్రానికి హద్దులున్నాయి. 90 నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు 45 నిమిషాలు. రాత్రి పదికి మొదలై తెల్లవారుజామున అయిదుకు ముగిసే నాటకం మొత్తం పట్టాలంటే అయిదు క్యాసెట్లు కావాలి. అంత డబ్బు ఎవరి దగ్గరుంది? అందుకే సీన్లు ఏరుకునేవాళ్లు. పడక సీను, రాయబారం సీను, కాటి సీను. ఇంకా పొదుపరులు వచనం వచ్చినప్పుడు మీట ఆపేసి, పద్యం ఎత్తుకోగానే మళ్లీ నొక్కేవాళ్లు. అమెరికాలో డీన్ బెనెడెట్టి అనే రసికుడు 1947, 48ల్లో చార్లీ పార్కర్ సాక్సఫోన్ కచేరీలకు యంత్రం మోసుకుపోయి, పార్కర్ వాయిస్తున్నంతసేపే రికార్డు చేసి, మిగతావాళ్ల వంతు రాగానే ఆపేసేవాడు. ఆ ముక్కలన్నీ నలభై ఏళ్ల తర్వాత సెట్టుగా విడుదలయ్యాయి, జాజ్ చరిత్రకు అవి నిధి. మన పొదుపరి రసికుడికీ అతనికీ పరిచయం లేదు. చెవుల ఆకలి మాత్రం ఒకటే.

ఇంకో చిక్కు గురించి పరిశోధకులు తప్పక తెలుసుకోవాలి. పల్లెలో కరెంటు ఉండదు, ఉన్నా టూ-ఇన్-వన్ దాకా రాదు. సెల్లులే గతి. అయిపోయిన సెల్లుల్ని ఎండలో పెట్టి మళ్లీ వాడుకోవడం అందరికీ తెలిసిన పనే. సెల్లులు నీరసిస్తే రికార్డు చేసేటప్పుడు రీలు నెమ్మదిగా తిరుగుతుంది. అదే క్యాసెట్టును ఇంట్లో కరెంటు మీద వింటే వేగం పెరిగి శ్రుతి ఒక మెట్టు పైకి పోతుంది. ఫలానా నటుడు అంత పై శ్రుతిలో పాడేవాడని మనం చెప్పుకునే కథల్లో కొన్ని నీరసించిన సెల్లులు చెప్పిన కథలే అయి ఉంటాయి. సరిచూసుకునే దారి ఉంది. ఊరి కరెంటు మీద నడిచే మైకుసెట్టు గుయ్‌మనే మోత సెకనుకు 50 కంపనాలకో, దానికి రెట్టింపుకో సరిపోవాలి. క్యాసెట్లో ఆ మోత ఎంత పైకి జరిగిందో కొలిస్తే నటుడి అసలు శ్రుతి తెలుస్తుంది. జనరేటరు ఉన్న రాత్రికి ఈ లెక్క నప్పదు.

'ఖాళీ క్యాసెట్టు తెచ్చుకో'

పోగుచేయడం సగం పని. మార్చుకోవడం మిగతా సగం. సంతలోనో, బస్టాండులోనో, పెళ్లిలోనో ఇద్దరు రసికులు ఎదురుపడితే మాట ఇలా నడిచేది.

'అన్నా, నీ దగ్గర ఆ కాటిసీను ఉండాదంట కదా?'

'ఉండాది. ఖాళీ క్యాసెట్టు తెచ్చుకో, ఎక్కిచ్చిస్తా. నీ దగ్గర పడకసీను ఏముండాదో సెప్పు.'

డబ్బు మాట లేదు. ఖాళీ క్యాసెట్టు ఇవ్వాలి, బదులుగా తన దగ్గరున్నది వినిపించాలి. అసలు క్యాసెట్టు గడప దాటదు, ఎక్కించిన కాపీ మాత్రమే పోతుంది. రెండు టూ-ఇన్-వన్‌లు ఎదురెదురుగా పెట్టి, గది తలుపులు మూసి, ఎవరూ దగ్గకుండా చూసుకుని ఎక్కించుకున్న రోజులవి. డబుల్ డెక్కు వచ్చాక ఆ బాధ తప్పింది. కాపీకి కాపీ తీసినకొద్దీ గరగర పెరుగుతుంది, గొంతు వెనక్కి పోతుంది. నాలుగు చేతులు మారిన క్యాసెట్టులో పద్యం గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. అయినా వినేవాళ్లు. పదాలు ముందే తెలుసు కాబట్టి చెవి పూరించుకుంటుంది. తుంగభద్ర పక్క ఊళ్లలో కన్నడ నాటకమూ తెలుగు నాటకమూ ఒకే జనం చూస్తారు కనక అక్కడి బీరువాల్లో రెండు భాషల క్యాసెట్లూ పక్కపక్కన ఉండేవి.

టౌన్లో క్యాసెట్ల షాపు వాడి చేతికి పోయాక ఇందులోకి రూపాయి దిగింది. జాబితా రాసిస్తే సినిమా పాటలు ఎక్కించినట్టే సీన్లూ ఎక్కించి ఇచ్చేవాడు. కంపెనీలు కూడా నాటకాల క్యాసెట్లు అమ్మాయి. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర క్యాసెట్టు వినపడని ఊరు తెలుగునాట లేదంటే అతిశయోక్తి కాదు. దానివల్ల ఆయన కీర్తి పెరిగింది. దానితో పాటు ఒక నష్టం కూడా జరిగింది. అంతకుముందు ఊళ్లో నాటకం వేయాలంటే హార్మోనియం అయ్యవారిని పిలిపించి, నెలల తరబడి రాత్రిళ్లు పద్యం నేర్చుకునేవాళ్లు. ఆ అయ్యవారి బాణీ ఆ చుట్టుపక్కల ఊళ్ల బాణీ అయ్యేది. క్యాసెట్టు వచ్చాక కుర్రవాళ్లు దాన్నే గురువు చేసుకున్నారు. అన్ని ఊళ్ల హరిశ్చంద్రులూ ఒకే చోట ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టారు. కంపెనీ క్యాసెట్టు చెరిపిన ఊరి బాణీ ఇవాళ ఎక్కడైనా మిగిలి ఉంటే అది రసికుడు చాప మీద కూర్చుని తీసిన క్యాసెట్లోనే మిగిలి ఉంది.

ఈ రికార్డులు ఎందుకంత ముఖ్యమో కాటి సీను ఒక్కటే చెబుతుంది. 'సత్య హరిశ్చంద్రీయం' బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ వేదిక మీద కాటి సీనులో జనం కళ్లనీళ్లతో విన్న పద్యాల్లో కొన్ని ఆయన పుస్తకంలో కనపడవు. అవి గుర్రం జాషువా 'శ్మశానవాటి' పద్యాలు. నటులు తెచ్చి చేర్చుకున్నారు. అంటరానివాడని తనను అవమానించిన సమాజం ముందు జాషువా తన పద్యాన్ని కాటికాపరి హరిశ్చంద్రుడి నోట వినిపించాడు. ఊరి నడిబొడ్డున, దేవుడి తిరునాళ్లకు, అన్ని కులాలవాళ్లూ కూర్చుని 'వన్స్ మోర్' అన్నారు. ఆ పద్యం ఎవరిదో చాలామందికి తెలియదు. ఏ నటుడు ఏ కాలంలో ఎన్ని జాషువా పద్యాలు పాడాడు, ఏ వరసలో, ఏ రాగంలో పాడాడు, ఏ ఊళ్లో జనం ఏ పద్యాన్ని మళ్లీ అడిగారు, ఈ లెక్క తేల్చాలంటే పుస్తకాలు ఎన్ని తిరగేసినా లాభం లేదు. తేదీ రాసి ఉన్న క్యాసెట్లు కావాలి. తెలుగు సాహిత్య చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం ఇలా అటకల మీద పడి ఉంది.

'చింతామణి' సంగతి కూడా అంతే. కాళ్లకూరి నారాయణరావు రాసిన ఆ నాటక ప్రదర్శనను 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్రను చూపే తీరు మీద ఎన్నాళ్లుగానో ఉన్న అభ్యంతరమే కారణం. పుస్తకంలో కాళ్లకూరి రాసినదెంత, దశాబ్దాలుగా నటులు నవ్వుల కోసం చేరుస్తూ వచ్చినదెంత అనే ప్రశ్న అప్పుడు గట్టిగా వచ్చింది. ఎవరి వాదన వాళ్లు చెప్పుకున్నారు. వేదిక మీద మాట ఎప్పుడు ఎలా మారిందో చూపించే రికార్డులను వరసగా పెట్టి విన్నవాళ్లు ఎవరు?

బయటి లోకంలో

ఈ పని మన ఒక్కరిదే అనుకోవద్దు. ఐర్లండులో రోరీ గాలహర్ అనే బ్లూస్-రాక్ గిటారిస్టు ఉండేవాడు. 1948లో పుట్టి, కార్క్ పట్నంలో పెరిగి, 1963లో అక్కడే వంద పౌండ్లకు కొన్న పాత గిటారుతోనే జీవితమంతా వాయించాడు. స్టూడియోలో కంటే జనం ముందు అతని వేళ్లు వేరుగా పలికేవి. ఉత్తర ఐర్లండు బాంబులతో అట్టుడికిపోతూ బయటి బృందాలు బెల్‌ఫాస్ట్ పోవడానికి భయపడిన రోజుల్లో అతను మానకుండా పోయాడు. 1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ కచేరీల నుంచి తయారైన 'ఐరిష్ టూర్ 74' ఆల్బం ఆ రాత్రుల్ని కంపెనీ పరంగా నిలబెట్టింది. మిగిలిన వందల రాత్రులు అభిమానులు నిలబెట్టుకున్నవి. కోటు కింద దాచిన టేపు రికార్డరు, పోస్టులో తిరిగే క్యాసెట్లు, జాబితాలు. వాళ్ల నియమమూ మన సంతలో నియమమే: డబ్బు తీసుకోకూడదు, ఖాళీ క్యాసెట్టు, పోస్టు ఖర్చు ఇస్తే చాలు. 1995లో రోరీ పోయాడు. క్యాసెట్ల మార్పిడి ఆగలేదు.

అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. దాచుకుని రికార్డు చేసేవాళ్లను తరిమే బదులు 1984 నుంచి కచేరీలో వాళ్లకు విడిగా టికెట్లు, కూర్చోవడానికి చోటు ఇచ్చింది. అదే బృందం కోసం బెట్టీ కాంటర్ అనే సౌండు ఇంజినీరు తీసిన అద్భుతమైన టేపులు, ఆమె అద్దె కట్టలేకపోయిన గోదాములో నుంచి 1986లో వేలంలో చిల్లర సామానుగా అమ్ముడుపోయాయి. రసికుల చేతికి చిక్కబట్టి బతికాయి. వాటిలోదే 1977 మే 8 నాటి కార్నెల్ విశ్వవిద్యాలయ కచేరీ. తర్వాత అమెరికా జాతీయ గ్రంథాలయం దాన్ని దేశం కాపాడుకోవలసిన రికార్డుల పట్టికలో చేర్చింది. వేలంలో చెత్తగా పోయిన టేపు ముప్పై ఏళ్లు తిరక్కుండా జాతి సొత్తయింది. మన దగ్గర మొదటి సగం మాత్రమే జరుగుతోంది.

మనకు మార్గదర్శి బయటివాడు కావలసిన పని కూడా లేదు. కడపలోనే ఉన్నాడు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం ఊరూరా తాళపత్రాలు వెతికించాడు. ఒకే పద్యానికి దొరికిన పాఠాలన్నీ పక్కపక్కన పెట్టి సరిచూశాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి లాంటి పండితులకు జీతాలిచ్చి తన బంగళాలోనే పని చేయించాడు. 1829లో 693 పద్యాలతో, 1839లో 1164 పద్యాలతో వేమనను అచ్చు వేశాడు. జనం నోట ఉన్న పద్యానికి ఒకే ఒక్క సరైన పాఠం ఉండదని, అన్ని పాఠాలూ విలువైనవేనని అతని పని చెబుతుంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పూనికతో బ్రౌన్ ఉన్న చోటనే గ్రంథాలయం వెలిసింది. అక్కడ తాళపత్రాలు భద్రంగా ఉన్నాయి. కాలం మారింది, తాళపత్రం స్థానంలోకి క్యాసెట్టు వచ్చింది. ఆ గ్రంథాలయం ఉన్న ప్రాంగణంలో సీమ గొంతులకు ఒక గది కేటాయించాలని నేను గట్టిగా అడుగుతున్నాను. ఒక గది, రెండు మంచి డెక్కులు, ఒక కంప్యూటరు, పద్యం తెలిసిన ఒక మనిషి. అంతకు మించి ఖర్చు లేదు.

ఆలస్యం చేయడానికి సమయం లేదు. సీమ ఎండుగాలి క్యాసెట్టుకు ఒకందుకు మంచిదే, కోస్తా తేమలో పట్టినంత బూజు ఇక్కడ పట్టదు. కానీ మే నెల ఎండకు రేకుల కింద అటక మీద పెట్టిన రీలు ముడుచుకుపోతుంది, లోపలి స్పాంజి ముక్క ఊడిపోతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు పట్టణం మీదికి వచ్చినప్పుడు మేడ లేని ఇళ్లలోని పుస్తకాలూ, ఫోటోలూ, క్యాసెట్లూ బురదలో కలిసిపోయాయి. వాటిలో ఏమున్నాయో ఇక ఎవరికీ తెలియదు. మిగిలినవాటికి ఇంకో ప్రమాదం. పెద్దాయన పోయాక పిల్లలు ఇల్లు సర్దుతూ, వినే యంత్రం కూడా లేని ఈ పెట్టె ఎందుకని పాతసామాను వాడికి వేసేస్తున్నారు. కొందరు మంచి మనసుతో ఫోనుకెక్కించి పంచుతున్నారు. సంతోషమే. కానీ అట్ట మీద పెద్దాయన రాసిన ఊరి పేరు, తేదీ, హార్మోనిస్టు పేరు ఆ ఫైలుతో పాటు పోవడం లేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది పోతే ఆ రికార్డు వినడానికి పనికొస్తుంది, చరిత్రకు పనికిరాదు.

కర్నూలు, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, రాయచోటి ఇళ్లలో ఇలాంటి పెట్టె ఉన్నవాళ్లకు నా విన్నపం. దాన్ని పారేయకండి. అటక మీద నుంచి దించి చల్లని గదిలో, టీవీకీ స్పీకర్లకూ దూరంగా నిలబెట్టి ఉంచండి. పైన ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి, పొరపాటున ఎవరూ చెరపలేరు. ఏళ్లుగా తిరగని రీలును ఒక్కసారిగా నొక్కి పరుగెత్తించకండి, తెలిసినవాళ్ల చేత నెమ్మదిగా తిప్పించండి. ఫోనుకెక్కించాక కూడా అసలు క్యాసెట్టును, దాని అట్టను ఉంచండి. అట్ట రెండు వైపులా ఫోటో తీయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని వినిపించి, ఆ గొంతు ఎవరిదో, ఆ రాత్రి ఏ ఊళ్లోనో, హార్మోనియం ఎవరు వాయించారో అడిగి ఈ వారమే రాసుకోండి.

(వచ్చే వారం: హార్మోనియం అయ్యవార్లు)